బ్లాక్‌జాక్‌లో కౌంట్‌ను బట్టి పందెం ఎంత పెంచాలి: విశాఖ ఆటగాళ్లకు సమగ్ర మార్గదర్శి

బ్లాక్‌జాక్‌లో (21 దాటకుండా డీలర్ కన్నా దానికి దగ్గరగా చేరే పేకాట) ముక్కలు లెక్కపెట్టడం వచ్చింది, ట్రూ కౌంట్ (ఆ లెక్కను మిగిలిన 52 ముక్కల కట్టల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె) కూడా తీయగలుగుతున్నాం, ఇక పందెం ఎప్పుడు ఎంత పెంచాలి? విశాఖలో సాధన చేస్తున్న మిత్రులు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. సమాధానం నాలుగు మాటల్లో తేలేది కాదు కాబట్టి మొదటి నుంచి చివరి దాకా వరసగా రాస్తున్నాను.

లెక్క ఎంత తప్పుల్లేకుండా వచ్చినా, ప్రతి ఆటకూ ఒకే పందెం వేస్తే చివరికి క్యాసినోదే పైచేయి. పందెం పెంచడం, తగ్గించడంలోనే లాభమంతా ఉంది. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. చిన్న పందెం ఎంతో క్యాసినో నిర్ణయిస్తుంది. పెద్ద పందెం ఎంతో మీ మూలధనం నిర్ణయిస్తుంది. ఈ రెంటి మధ్య దూరం చాలకపోతే ఆ టేబుల్ దగ్గర కూర్చోకూడదు.

మీకు బేసిక్ స్ట్రాటజీ (ఏ ముక్కలు వస్తే ఎలా ఆడాలో చెప్పే పట్టిక) కంఠతా వచ్చని, హై–లో పద్ధతిలో లెక్కిస్తారని అనుకుని రాస్తున్నాను. అంటే 2 నుంచి 6 వరకు ముక్కలకు +1, 7, 8, 9కి సున్నా, పది, జాకీ, రాణి, రాజు, ఆసులకు −1. బయటపడిన ముక్కలన్నిటికీ ఇలా కూడుతూ పోతే వచ్చేది రన్నింగ్ కౌంట్.

1. బయలుదేరే ముందు: చట్టం, పన్ను

ఆంధ్రప్రదేశ్‌లో క్యాసినోలు లేవు. 1974 నాటి ఏపీ గేమింగ్ చట్టం పేకాట శిబిరాలకు వర్తిస్తుంది, 2020 సవరణ ఆన్‌లైన్ ఆటలనూ దాని కిందికి తెచ్చింది. పైగా 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. కాబట్టి ఫోనులో లైవ్ డీలర్ ఆటల జోలికి వెళ్లకండి. విశాఖలో చేయదగ్గది సాధన ఒక్కటే, అదీ డబ్బు లేకుండా.

ఆడాలంటే లైసెన్సు ఉన్న చోటికే వెళ్లాలి. మన దేశంలో గోవా, సిక్కిం ఉన్నాయి. విదేశాల్లో దగ్గరగా సింగపూర్‌లో మెరీనా బే శాండ్స్, సెంటోసా ద్వీపంలోని రిసార్ట్స్ వరల్డ్ ఉన్నాయి. గోవాలోనూ, సింగపూర్‌లోనూ 21 ఏళ్లు నిండినవారికే ప్రవేశం.

పన్ను సంగతి చాలామంది చివర్లో ఆలోచిస్తారు, మొదట ఆలోచించాల్సింది అదే. మన దగ్గర జూదంలో గెలిచిన సొమ్ముపై 30 శాతం పన్ను, దానిపై సెస్సు ఉంటాయి. పోగొట్టుకున్న సొమ్మును అందులోంచి మినహాయించుకునే వీలు లేదు. జులైలో లక్ష గెలిచి డిసెంబరులో లక్ష పోగొట్టుకున్నా, గెలిచిన లక్షపై పన్ను పడుతుంది. ఒక శాతం, ఒకటిన్నర శాతం మొగ్గుతో (పందెంలో సగటున మిగిలే వాటా) ఆడేవాడికి ఇది మామూలు దెబ్బ కాదు. విదేశానికి వెళ్లేవారు విదేశీ మారకం నిబంధనలు కూడా కలిపి మీ చార్టర్డ్ అకౌంటెంట్‌ను ముందే అడగండి.

2. టేబుల్ ఎంపిక

కూర్చునే ముందు కాసేపు నిలబడి చూడండి. నేను చూడమనేవి ఇవి:

☐ బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కలే ఆసు, పది విలువది) వస్తే 3కి 2 చొప్పున ఇస్తున్నారా? ₹1,000 పందానికి ₹1,500 రావాలి. 6కి 5 చొప్పున అయితే ₹1,200 మాత్రమే వస్తుంది. ఆ తేడా ఒక్కటే క్యాసినో మొగ్గును సుమారు 1.4 శాతం పెంచుతుంది. అలాంటి టేబుల్ దగ్గర ట్రూ కౌంట్ +4 దాకా వస్తే తప్ప మొగ్గు మీవైపు తిరగదు. వదిలేయండి.
☐ ముక్కలు షూలోంచి (కలిపిన కట్టలు పెట్టి పంచే పెట్టె) పంచుతున్నారా, నిరంతరం కలిపే యంత్రంలోంచా? ఆడిన ముక్కలు వెంటనే యంత్రంలోకి వెళ్లిపోతుంటే లెక్కకు విలువ లేదు.
☐ కట్ కార్డు (ఇక్కడికి రాగానే పేక మళ్లీ కలపాలని గుర్తుగా పెట్టే ముక్క) ఎక్కడ పెట్టారు? ఆరు కట్టల ఆటలో చివరి ఒకటిన్నర కట్ట ఆడకుండా మిగిల్చితే ఫరవాలేదు. రెండు కట్టలు దాటి మిగిల్చితే కౌంట్ పెరిగే సమయానికే పేక కలిపేస్తారు.
☐ డీలర్ సాఫ్ట్ 17 (ఆసును 11గా లెక్కిస్తే వచ్చే 17) దగ్గర ఆగుతాడా? ఆగకపోతే మీకు సుమారు 0.2 శాతం నష్టం.
☐ కనిష్ఠ పందెం ఎంత? గరిష్ఠం ఎంత?
☐ షూ మధ్యలో ప్రవేశం లేదని బోర్డు పెట్టారా?

మొదటి రెండింటిలో ఏది తప్పినా రాజీ పడవద్దు. టేబుల్ నిబంధనలు బాగా లేనిచోట పందెం ఎంత తెలివిగా మార్చినా ఆ లోటు పూడదు.

3. మూలధనం తేల్చుకోవడం

మూలధనం అంటే పూర్తిగా పోయినా ఇంట్లో ఏ ఖర్చూ ఆగని సొమ్ము. పిల్లల ఫీజులు, ఇంటి వాయిదాలు, బంగారం తాకట్టు పెట్టి తెచ్చినది, చిట్టీ పాడి తెచ్చినది ఇందులోకి రావు. అప్పు తెచ్చిన డబ్బు మీద ఒడుదొడుకు వచ్చినప్పుడు పట్టిక ప్రకారం ఆడే నిబ్బరం ఎవరికీ ఉండదు. అందుకే ఇంత ఖండితంగా చెబుతున్నాను.

ప్రయాణ ఖర్చులు మూలధనంలో కలపవద్దు. విశాఖ మీదుగా వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ టికెట్టు, పణజిలో గది, మాండోవి నదిపై నౌకలోకి ప్రవేశ రుసుము విడిగా రాసుకోండి. కింద 6వ భాగంలోని లెక్క చదివాక ఎందుకన్నానో తెలుస్తుంది.

ఉదాహరణల కోసం ఇక్కడ మూలధనం ₹10 లక్షలు, కనిష్ఠ పందెం ₹500 అనుకుందాం.

4. పందానికి పనికొచ్చేలా ట్రూ కౌంట్ తీయడం

రన్నింగ్ కౌంట్‌ను షూలో మిగిలిన కట్టల సంఖ్యతో భాగిస్తే ట్రూ కౌంట్ వస్తుంది. ఆరు కట్టల్లో రెండు అయిపోయి, రన్నింగ్ కౌంట్ +12 ఉంటే 12ను 4తో భాగించి +3. అదే +12 మొదటి అరకట్టలోనే వస్తే మిగిలినవి ఐదున్నర, ట్రూ కౌంట్ +2 మాత్రమే. రన్నింగ్ కౌంట్ చూసి పందెం పెంచేవారు షూ మొదట్లో అవసరానికి మించి వేస్తారు, చివర్లో వేయాల్సినంత వేయరు.

మిగిలిన కట్టలను నేరుగా చూడలేం. డీలర్ పక్కన పారదర్శకమైన ట్రేలో వాడేసిన ముక్కలు పేరుస్తారు. వాటి ఎత్తు చూసి ఎన్ని కట్టలు అయిపోయాయో అరకట్ట తేడాలో చెప్పగలగాలి. దీనికి ఇంట్లో చేయదగిన పని ఒకటుంది. ఒకే రకం పేకలు ఆరు కొనండి. అర, ఒకటి, ఒకటిన్నర, రెండు కట్టలు చొప్పున దొంతరలు పేర్చి భోజనాల బల్ల మీద వరసగా నిలబెట్టండి. కూర్చున్న చోటి నుంచి, అంటే కాస్త ఏటవాలుగా, వాటిని చూడండి. తర్వాత ఇంట్లో ఎవరినైనా ఒక దొంతర తీసి ముందు పెట్టమనండి. చెప్పిన తర్వాత ముక్కలు లెక్కపెట్టి సరిచూసుకోండి. పాత పేకలు ఉబ్బి ఉంటాయి, ముఖ్యంగా మన సముద్రపు గాలికి. వాటితో సాధన చేస్తే కొలత తప్పుతుంది. కొత్తవే వాడండి.

భాగిస్తే వచ్చే దశాంశాన్ని కిందికి తగ్గించండి. 10ని మూడున్నరతో భాగిస్తే 2.86 వస్తుంది, దాన్ని 2గానే తీసుకోండి. పందెం విషయంలో ఇది భద్రమైన అలవాటు.

5. పందెం పట్టిక రాయడం

మంచి నిబంధనలున్న ఆరు కట్టల ఆటలో మొదట క్యాసినో మొగ్గు దాదాపు 0.5 శాతం. ట్రూ కౌంట్ ఒక్కొక్కటి పెరిగేకొద్దీ సుమారు 0.5 శాతం మీవైపు జరుగుతుంది. అంటే +1 దగ్గర సరిసమానం, +2 దగ్గర అర శాతం లాభం, +3 దగ్గర ఒక శాతం, +4 దగ్గర ఒకటిన్నర, +5 దగ్గర రెండు.

కెల్లీ సూత్రం (మొగ్గును బట్టి మూలధనంలో ఎంత వేయాలో చెప్పేది) ప్రకారం వేయాల్సిన పందెం ఇలా వస్తుంది: మూలధనాన్ని మొగ్గుతో గుణించి, 1.3తో భాగించాలి. ఆ 1.3 అనేది బ్లాక్‌జాక్ ఒక ఆటలోని ఒడుదొడుకు కొలత. +3 దగ్గర ₹10 లక్షలకు ఒక శాతం ₹10,000, దాన్ని 1.3తో భాగిస్తే సుమారు ₹7,700.

ఆ మొత్తం అంతా వేయవద్దు. పూర్తి కెల్లీ పందేలను తగ్గించకుండా అలాగే కొనసాగిస్తే మూలధనం మొత్తం పోయే అవకాశం సిద్ధాంతం ప్రకారం 13.5 శాతం. సగం వేస్తే అది 1.8 శాతానికి దిగుతుంది. పావు వంతు వేస్తే 0.03 శాతం. పైగా మన లెక్కలో తప్పులు, టేబుల్ నిబంధనల అంచనాలో తప్పులు ఈ సిద్ధాంతంలో లేవు. అందుకే సగానికి మించి ఎవరికీ సూచించను.

₹10 లక్షల మూలధనానికి గుండ్రని అంకెల్లో:

• +1, అంతకు తక్కువ: కనిష్ఠ పందెం ₹500
• +2: పావు కెల్లీ ₹1,000, సగం కెల్లీ ₹2,000
• +3: పావు ₹2,000, సగం ₹4,000
• +4: పావు ₹3,000, సగం ₹6,000
• +5, అంతకు పైన: పావు ₹4,000, సగం ₹8,000

గుర్తుంచుకోవడం తేలిక. ట్రూ కౌంట్‌లోంచి ఒకటి తీసేసి యూనిట్‌తో గుణించాలి. పావు కెల్లీకి యూనిట్ అంటే మూలధనంలో వెయ్యో వంతు, సగానికి అయిదు వందో వంతు. +5 దాటాక పెంచకపోవడానికి కారణం ఉంది. అలాంటి కౌంట్లు అరుదు, అక్కడ ఒక్కసారిగా పెద్ద మొత్తం కనిపిస్తే పర్యవేక్షకుల కళ్లు మీమీద పడతాయి.

6. వేచి ఉండే ఆటల ఖర్చు

ఎక్కువమంది వదిలేసే లెక్క ఇది. ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇదే చదవమంటాను.

ఆరు కట్టల ఆటలో ముప్పావు వంతు వరకు పంచితే ట్రూ కౌంట్ +2 గాని అంతకు పైన గాని ఉండేది నూటికి సుమారు 12 ఆటల్లోనే. మిగిలిన 88 ఆటలూ మొగ్గు మీవైపు లేకుండానే కనిష్ఠ పందెంతో ఆడుతారు. వాటిలో సగటున 0.7 శాతం పోతుందనుకుంటే, ₹500 చొప్పున 88 ఆటలకు సుమారు ₹300 నష్టం.

ఇప్పుడు పావు కెల్లీ పట్టిక ప్రకారం ఆ 12 ఆటల్లో వచ్చే సగటు లాభం లెక్కిస్తే అదీ దాదాపు ₹300. అంటే ₹500 నుంచి ₹4,000 వరకు ఎనిమిది రెట్లు పెంచి, ప్రతి ఆటా ఆడి, ఏ తప్పూ చేయకుండా లేచినా చేతికొచ్చేది దాదాపు సున్నా.

సగం కెల్లీకి వెళ్తే ఆ 12 ఆటల రాబడి సుమారు ₹600, ఖర్చు పోగా ₹300 మిగులు. కానీ అదే వంద ఆటల్లో సహజంగా వచ్చే ఒడుదొడుకు అటూ ఇటూ సుమారు ₹18,000. ఒక్క రాత్రి ఫలితం చూసి మీ ఆట మంచిదో చెడ్డదో చెప్పలేరన్నది ఇందుకే. రైలు టికెట్టు, గది అద్దె ఈ ₹300 ముందు పెట్టి చూడండి.

దీనికి మార్గాలు మూడు. మొదటిది, కౌంట్ పడిపోయినప్పుడు లేవడం. ట్రూ కౌంట్ −2కు రాగానే ఫోను వచ్చిందనో, కాళ్లు పట్టేశాయనో లేచి, పేక కలిపాక తిరిగి రండి. రెండోది, అసలు కూర్చోకుండా వెనక నిలబడి లెక్కపెట్టి +2 వచ్చాకే ప్రవేశించడం. మధ్యలో ప్రవేశం ఉన్నచోటే ఇది కుదురుతుంది, కుదిరినచోట వేచి ఉండే ఖర్చు మొత్తం పోతుంది. మూడోది, కనిష్ఠ పందెం తక్కువున్న టేబుల్ వెతకడం. మీ మూలధనానికి సరిపడే పెద్ద పందెం, టేబుల్ కనిష్ఠానికి ఎనిమిది రెట్లు దాటకపోతే ప్రతి ఆటా ఆడటం మానుకోండి. పన్నెండు రెట్లు ఉంటే కూర్చోవచ్చు.

7. టేబుల్ దగ్గర వరస

ఒక్క ఆట ముగిసి ఇంకో ఆట మొదలయ్యే మధ్యలో చేయాల్సిన పనులు ఇవి. ఇదే వరసలో చేయండి.

1) డీలర్ చివరి ముక్క తిప్పాక రన్నింగ్ కౌంట్ ఖరారు చేసుకోండి.
2) డీలర్ ముక్కలు ఎత్తి ట్రేలో పెట్టేటప్పుడు ట్రే వైపు ఒక్కసారి చూడండి.
3) భాగించండి, కిందికి తగ్గించండి.
4) పట్టికలోని మొత్తాన్ని గుర్తు తెచ్చుకోండి.
5) చిప్స్ ముందుకు జరపండి. పెద్ద విలువ చిప్స్ అడుగున, చిన్నవి పైన.
6) గెలుపు సొమ్ము పందెం పెట్టెలో అలాగే మిగిలిపోయిందేమో చూసి, పట్టికకు మించినది వెనక్కి తీసుకోండి.

ఆరోది చాలామంది మరిచిపోతారు. ₹2,000 గెలిచాక పెట్టెలో ₹4,000 ఉంటుంది. కౌంట్ +2కు దిగినా అది అలాగే ఉండిపోతుంది.

పేక కలిపిన వెంటనే కనిష్ఠానికి దిగడం గణితం ప్రకారం సరైనది. అయితే ₹4,000 నుంచి ₹500కి దిగితే అందరికీ కనిపిస్తుంది. కొత్త షూ మొదటి ఆటకు ₹1,500 వేసినా సగటు నష్టం ₹7 నుంచి ₹8. ఆ మాత్రం ముసుగు ఖర్చు భరించవచ్చు, అదీ అప్పుడప్పుడు మాత్రమే.

8. రెండు చోట్ల పందెం, ఇన్సూరెన్స్

కౌంట్ బాగున్నప్పుడు రెండు పెట్టెల్లో ఆడవచ్చు. రెండూ ఒకే డీలర్ ముక్క మీద ఆధారపడతాయి కాబట్టి రెండింట్లోనూ పూర్తి పందెం వేయకూడదు. ఒక్కో దాంట్లో ముప్పావు వంతు వేయండి. ₹4,000 వేయాల్సిన చోట ₹3,000 చొప్పున రెండు. ప్రమాదం దాదాపు అంతే ఉండి, మొత్తం పందెం ₹6,000 అవుతుంది.

ఇన్సూరెన్స్ (డీలర్‌కు ఆసు కనిపించినప్పుడు అతనికి బ్లాక్‌జాక్ ఉంటుందని వేసే పక్క పందెం) ట్రూ కౌంట్ +3 లేదా అంతకు పైన ఉంటేనే తీసుకోండి. అప్పుడు మిగిలిన ముక్కల్లో మూడో వంతు కన్నా ఎక్కువ పది విలువవి ఉంటాయి. పెద్ద పందెం సరిగ్గా అప్పుడే బల్ల మీద ఉంటుంది కాబట్టి ఈ ఒక్క నిర్ణయం విలువ ఎక్కువ.

జేబులో తగినంత ఉంచుకోండి. ₹8,000 పందెం మీద జత వచ్చి స్ప్లిట్ చేసి (రెండు ఆటలుగా విడదీసి), రెండింటినీ డబుల్ చేస్తే (పందెం రెట్టింపు చేస్తే) ₹32,000 బల్ల మీదికి వెళ్తుంది. ఒక పూటకు పెద్ద పందానికి 20 రెట్లు తీసుకెళ్లండి. డబ్బు చాలక డబుల్ మానేస్తే కౌంట్ ఇచ్చిన మొగ్గును చేతులారా వదులుకున్నట్టే.

9. ఇంట్లో సాధన

మద్దిలపాలెంలో మా ఇంట్లో బావమరిది డీలర్‌గా కూర్చుంటాడు. చిప్స్ బదులు చింతపిక్కలు, ఒక్కో పిక్క ఒక యూనిట్. టీవీ శబ్దం పెంచుతాడు, కబుర్లు చెబుతాడు, సరిగ్గా నేను పిక్కలు జరపబోయేటప్పుడు చెయ్యి అడ్డుపెట్టి "బావా, కౌంట్ ఎంత? ఎన్ని కట్టలు మిగిలాయి?" అంటాడు. రెండు అంకెలూ తడుముకోకుండా చెప్పాలి. సాధన అంటే ఇలా ఉండాలి. ప్రశాంతంగా కూర్చుని ముక్కలు తిప్పుకుంటే క్యాసినో గోలలో పనికిరాదు.

బయలుదేరే ముందు ఇవన్నీ వచ్చాయో లేదో చూసుకోండి:

☐ ఒక కట్టను అర నిమిషం లోపు లెక్కపెట్టి సరిగ్గా సున్నాకు రావడం
☐ ట్రేలోని దొంతరను అరకట్ట తేడాలో చెప్పడం
☐ రన్నింగ్ కౌంట్, మిగిలిన కట్టలు చెప్పగానే పందెం మొత్తం చెప్పడం (+9, నాలుగున్నర కట్టలు: ట్రూ కౌంట్ +2, సగం కెల్లీలో ₹2,000)
☐ మాట్లాడుతూనే ఒక షూ మొత్తం తప్పులేకుండా ఆడటం

10. తరచుగా జరిగే పొరపాట్లు

ఓడిపోయాక పందెం పెంచడం. పోయినదాన్ని రాబట్టాలన్న తపనకు కౌంట్‌తో సంబంధం లేదు. లెక్క తప్పిపోయిందనిపిస్తే కనిష్ఠ పందెం వేస్తూ షూ ముగిసేదాకా ఆగండి, ఊహించి వేయకండి.

వరసగా నాలుగైదు ఓడాక కౌంట్ +4 ఉన్నా పందెం తగ్గించడం. ఇది మొదటిదానికన్నా ప్రమాదకరం, ఎందుకంటే చూడటానికి జాగ్రత్తలా ఉంటుంది. పెద్ద పందెం వేయాల్సిన 12 ఆటల్లో సగం వదిలేస్తే 88 ఆటల ఖర్చు మాత్రం మిగిలిపోతుంది. ₹4,000 వేయడానికి చెయ్యి వణుకుతుంటే మూలధనాన్ని తక్కువగా రాసుకుని కొత్త పట్టికతో ఆడండి. బల్ల దగ్గర పట్టిక మార్చవద్దు.

+1 దగ్గరే పెంచడం. అక్కడ లాభం లేదు, ఒడుదొడుకు మాత్రమే ఉంది.

అలసట. రెండో గంట తర్వాత భాగాహారంలో తప్పులు మొదలవుతాయి. మద్యం ముట్టవద్దు, ఎంత ఉచితంగా ఇచ్చినా.

11. పర్యవేక్షకులు గమనిస్తే

మనసులో లెక్కపెట్టడం మోసం కాదు. కానీ ఫోను, మరే పరికరం సాయంతో లెక్కపెట్టడం వేరే విషయం, దాని జోలికి వెళ్లకండి. క్యాసినో మీ పందేన్ని ఒకే మొత్తానికి పరిమితం చేయవచ్చు, పేక ముందే కలిపించవచ్చు, ఆట ఆపమనవచ్చు. వాదించకండి. చిప్స్ మార్చుకుని మర్యాదగా బయటికి రండి. ఒకే మొత్తం వేయమంటే ఆ టేబుల్ దగ్గర ఇక మీకు పని లేదు.

12. పట్టిక తిరగరాయడం

ప్రతి పూట తర్వాత గదికి వచ్చి రాసుకోండి: ఎన్ని గంటలు, కట్ కార్డు ఎక్కడ, కనిష్ఠం ఎంత, వేసిన పెద్ద పందెం ఎంత, పట్టిక తప్పిన సందర్భాలు ఎన్ని, గెలుపోటములు ఎంత. పన్ను లెక్కకూ ఈ పుస్తకమే ఆధారం.

మూలధనం 25 శాతం మారినప్పుడు యూనిట్ మళ్లీ లెక్కించండి. ₹10 లక్షలు ₹7.5 లక్షలకు దిగితే సగం కెల్లీ యూనిట్ ₹2,000 నుంచి ₹1,500 అవుతుంది, పెద్ద పందెం ₹6,000. ₹500 టేబుల్‌కు ఇంకా పన్నెండు రెట్లు ఉన్నట్టే. ₹5 లక్షలకు దిగితే పెద్ద పందెం ₹4,000, ఎనిమిది రెట్లు మాత్రమే. అక్కడి నుంచి ఆ టేబుల్‌ను వెనక నిలబడి లెక్కపెట్టి, +2 వచ్చాకే కూర్చుని ఆడాలి. ఆ వీలు లేకపోతే తక్కువ కనిష్ఠం ఉన్న టేబుల్ దొరికేదాకా ఆట ఆపండి.